పెట్టెను పలకరించిన జాఫర్ సారు

హాలియాలో జాఫర్ సారుకు ఒకే ఒక్క అలవాటు ఉండేది. ఎవరు ఎదురైనా, ఎంత తొందర పని మీద వచ్చినా, ముందు వాళ్ల బాగోగులన్నీ అడిగి తెలుసుకున్నాకే అసలు మాటలోకి దిగేవాడు. ఇది గుణమా, రోగమా అన్న దాని మీద ఊళ్లో రెండు పార్టీలుండేవి. రోగమనే పార్టీకి ఆయన భార్య తాహేరా నాయకురాలు. గుణమనే పార్టీలో ఆయన ఒక్కడే ఉండేవాడు.

బాగోగులంటే “మంచిగున్నవా” అన్న ఒక్క ముక్కతో పోయేది కాదు. మనిషితో మొదలుపెట్టి, ఇంట్లోవాళ్లు, పిల్లల చదువులు, ముసలివాళ్ల నడుములు, బర్రె, బర్రె కింది దూడ, చివరి మడికి కాలువ నీళ్లు ఎక్కుతున్నాయా లేదా, పోయిన వానకు కూలిన గోడ లేచిందా లేదా, అన్నీ అడిగేవాడు. పైగా అడిగి ఊరుకునే రకం కాదు, జవాబు పూర్తిగా వినేవాడు. అడిగేవాళ్లు ఊరినిండా ఉంటారు గానీ వినేవాళ్లు దొరకరు కాబట్టి, జనం కూడా ఒకసారి మొదలుపెడితే ఆపేవారు కాదు.

తాహేరాకు ఈ సంగతి నిఖా నాడే తెలిసిపోయింది. ఖాజీగారు సమ్మతమేనా అని అడిగితే, పెండ్లికొడుకు “ఖుబూల్” అనడానికి ముందు ఖాజీగారి మోకాలి నొప్పి ఎట్లుందని అడిగాడు. ఖాజీగారిని అంతకుముందు ఎవరూ ఆ మాట అడిగినట్టు లేదు. ఎడమది పరవాలేదు, కుడిదే సతాయిస్తున్నదని మొదలుపెట్టి, తాను మింగిన గోలీల రంగుల దాకా వెళ్లాడు. ఈ నిఖా తనతోనా, ఆ మోకాలితోనా అని తెర వెనకాల ఉన్న తాహేరా పక్కనామెను అడిగిందట.

అప్పట్లో ఆయనకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఇంట్లో భోంచేస్తుంటే, దుకాణం పక్కనే చెప్పులు అమ్మే గోపయ్య ఎగపోస్తూ పరుగెత్తుకొచ్చాడు. జాఫర్ ఆయన్ను పీట మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. బిడ్డకు జ్వరం తగ్గిందా అని అడిగాడు. తగ్గిందన్నాడు గోపయ్య. అల్లుడు పండుగకు వచ్చి పోయాడా అన్నాడు. పోయాడు కానీ అలిగి పోయాడన్నాడు గోపయ్య. ఎందుకలిగాడన్నది పెద్ద కథ. అదంతా చెప్పి, చెప్పినందుకు మనసు తేలికపడి, సెలవు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, అక్కడ తల గోక్కున్నాడు.

“ఎందుకో వచ్చిన భాయ్. యాదికొస్తలేదు.”

“ఫికర్ చెయ్యకు, నిదానంగ యాదికొస్తది,” అన్నాడు జాఫర్.

నిదానంగానే వచ్చింది. జాఫర్ దుకాణంలో వైర్లు అంటుకుని పొగ లేస్తున్న సంగతి చెప్పడానికి వచ్చాడు గోపయ్య. వాళ్లిద్దరూ వెళ్లేసరికి పక్క దుకాణాలవాళ్లు నీళ్లు కొట్టి మంట ఆర్పేశారు. జాఫర్ వాళ్లందరికీ దండం పెట్టి, ఒక్కొక్కరినీ ఇంట్లో అందరూ బాగేనా అని అడగడం మొదలుపెట్టాడు.

టీవీలొచ్చి రేడియోలు మూలకు పడ్డాక, తొంభైల చివర్లో, జాఫర్ ఆ దుకాణం తీసేసి, ఎరువుల దుకాణం మీది అంతస్తులో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. పాఠాలు చెప్పడానికి నల్లగొండ నుంచి మంజులత వచ్చింది. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, ఏది అడిగినా చెప్పాలని రాత్రంతా చదువుకుని మరీ ఇంటర్వ్యూకు వచ్చిన పిల్ల. జాఫర్ ఆమెను వాళ్లమ్మ ఆరోగ్యం అడిగాడు. నాయిన ఏం చేస్తాడని, బస్సులో కూర్చోవడానికి జాగా దొరికిందా అని, తొవ్వలో ఏమైనా తిన్నదా అని అడిగాడు. ఆఖరికి రేపటి నుంచి రమ్మన్నాడు. కంప్యూటర్ అన్న మాట ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. మెట్లు దిగాక గానీ మంజులతకు ఉద్యోగం వచ్చిన సంగతి అర్థం కాలేదు.

సెంటర్‌లో ఉన్నది ఒక్కటే అసలు కంప్యూటర్. మిగతా నాలుగూ ఏదో ఆఫీసువాళ్లు తీసేస్తే జాఫర్ చవగ్గా కొనుక్కొచ్చిన తెరలు. వాటికి తెర, కీబోర్డు తప్ప లోపల ఇంకేమీ లేదు. ముఖాలున్నాయి గానీ మెదడు లేదు. ఆ ముఖాలన్నింటినీ తీగలతో ఒక్క మెదడుకు కట్టి నడిపించే ఉపాయం మంజులతకు తెలుసు. ఆమె దగ్గర లినక్స్ అనే కొత్త వ్యవస్థ ఉన్న సీడీ ఒకటుంది, ఏదో పత్రికతోపాటు ఉచితంగా వచ్చింది. కష్టపడి దాన్ని ఎక్కించి, నాలుగు తెరలూ వెలిగించి, జాఫర్‌ను పిలిచి గర్వంగా చూపించింది.

నల్లటి తెర. ఎడమ పక్కన ఒక డాలర్ గుర్తు. దాని పక్కన మినుకుమినుకుమంటూ ఒక గీత. అంతే.

జాఫర్ చాలాసేపు చూశాడు. “గిదేంది బేటీ? ముఖం సూపెట్టుడుతోనే పైసలడుగుతాంది. గవి గూడ అమెరికా పైసలు.”

అది పైసలు అడగడం కాదని, ఏం చేయమంటారో చెప్పండి అని అడగడమని మంజులత వివరించింది. ఆయనకు అదీ నచ్చలేదు. ఇంటికి వచ్చినవాడికి మంచినీళ్లు ఇవ్వకపోయినా కనీసం కూర్చోమనాలి కదా అన్నాడు. ఇది పలకరించదు, తన సంగతి చెప్పదు, నేరుగా పనిలోకి దిగుతుంది. ఇట్లాంటి పెట్టె దగ్గర పిల్లలు ఏం నేర్చుకుంటారని ఆయన బాధ.

“దాని హాల్‌చాల్ అదే చెప్పాలె. చెప్పిపియ్యగలవా?”

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అది తప్పేమీ కాదని మంజులతకు తోచింది. లేచి ఎంతసేపయింది, మెదడులో ఎంత ఖాళీ ఉంది, సామాను పెట్టుకునేందుకు డిస్కులో ఎంత జాగా ఉంది, ఎంత పని మీద పడి ఉంది, ఇప్పుడు ఎవరెవరు వచ్చి కూర్చున్నారు, ఇవన్నీ ఆ పెట్టెకు తెలుసు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఆదేశం ఉంది. అడిగితే చెబుతుంది. ఆ ఆదేశాలన్నీ వరుసగా ఒక ఫైలులో రాసి, ఆ ఫైలుకు ఒక పేరు పెట్టి, దాన్ని నడిపించవచ్చునని గుర్తు పెడితే చాలు, ఆ ఒక్క పేరు కొట్టగానే అన్నీ ఒకేసారి చెప్పేస్తుంది. చిన్న స్క్రిప్టు. పేరు కూడా జాఫరే పెట్టాడు, హాల్ అని, అంటే ఉర్దూలో బాగోగు.

మొదటిసారి నడిపిస్తే తెర నిండా అంకెలు వచ్చాయి. గిది లెక్కల పంతులు లెక్క మాట్లాడుతాందన్నాడు జాఫర్. మంజులత మళ్లీ కూర్చుంది. అంకెలను ఏరి, వాటి చుట్టూ మాటలు అల్లింది. తెలుగు అక్షరాలు ఆ తెరకు రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాటలు రాసింది. ఈసారి హాల్ అని కొట్టగానే పెట్టె ఇట్లా అన్నది:

నమస్తే, సలాం. నేను లేచి గంట అయింది.
తలకాయలో జాగా కొంచెమే ఉంది.
అల్మారలో జాగా మస్తుగ ఉంది.
పని ఎక్కువ లేదు.
నాతోని ఇద్దరున్నరు.

జాఫర్ కుర్చీ లాక్కుని పెట్టె ముందు కూర్చున్నాడు. “గిప్పుడు మనిషయింది,” అన్నాడు.

అక్కడి నుంచి మంజులతకు తిప్పలు మొదలయ్యాయి. పొద్దున రాగానే ఆయన ముందు హాల్ కొట్టేవాడు. పెట్టె చెప్పినదానికి తిరిగి జవాబు చెప్పేవాడు. ఆ కాలంలో హాలియాలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. కాబట్టి ఎప్పుడడిగినా పెట్టె, ఇప్పుడే లేచానని చెప్పేది. పసిపిల్ల తల్లి గతి పట్టింది దీనికి, కన్నంటుకోనిస్తలేరు అని జాఫర్ జాలిపడేవాడు. పని ఎక్కువ లేదని చెబితే, పాపం ఒక్కతే కూర్చున్నదని బయటికి వెళ్లి టీ తాగుతున్న విద్యార్థులను పిలుచుకొచ్చేవాడు.

తలకాయలో జాగా సంగతి మరీ ముదిరింది. ఖాళీగా ఉన్న మెదడును లినక్స్ ఊరికే ఉంచదు. ఒకసారి చదివినదాన్ని మళ్లీ అడుగుతారేమోనని తలలోనే పెట్టుకుంటుంది. కావలసి వస్తే వెంటనే ఖాళీ చేస్తుంది. ఈ సంగతి తెలియని జాఫర్, కరెంటు పోకుండా నిలిచిన ఒకరోజు, పొద్దున చాలా ఉన్న జాగా మధ్యాహ్నానికి కొంచెం, సాయంత్రానికి అసలు లేకుండా పోవడం చూసి తట్టుకోలేకపోయాడు. తలనొప్పి లేస్తదని, జర పండనియ్యాలని, క్లాసు నడుస్తుండగానే స్విచ్చి కట్టేశాడు. నాలుగు తెరలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. పొద్దుటి నుంచి టైపు చేసుకున్నదంతా పోయి విద్యార్థులు లబోదిబోమన్నారు. జాఫర్ వాళ్లను ఓదారుస్తూ, మనకు పాణం బాగలేకుంటే పండుకుంటమా లేదా అని అడిగాడు. మంజులత ఆ రోజే కూర్చుని, పెట్టె ఊరికే గుర్తుపెట్టుకున్నదాన్ని కూడా ఖాళీ కిందే లెక్కగట్టేలా ఆ లైను మార్చింది.

కొన్నాళ్లకు జాఫర్ ఇంకో కోరిక కోరాడు.

“ఎవలెవలున్నరో చెప్తాంది, మంచిగనే ఉంది. ఎవలు ఎంతసేపటి సంది సప్పుడు చేస్తలేరో గూడ చెప్తదా?”

చెబుతుంది. ఏ తెర మీద ఎంతసేపటి నుంచి ఒక్క అక్షరమూ పడలేదో లినక్స్‌కు తెలుసు. మంజులత ఆలోచించకుండా ఇంకో లైను కలిపింది. ఎందుకు కలిపానా అని తర్వాత ఆలోచించింది.

జాఫర్ కూర్చునేది ముందుగదిలో, అసలు కంప్యూటర్ దగ్గర. తెరలు లోపలి గదిలో ఉంటాయి. మధ్యలో ప్లైవుడ్ అడ్డం. ఇన్నాళ్లూ లోపల ఎవరేం చేస్తున్నారో ఆయనకు కనిపించేది కాదు. ఇప్పుడు ఎవరైనా కాసేపు కీ నొక్కకుండా కూర్చుంటే చాలు, అడ్డం దాటుకుని వచ్చేసేవాడు. సరాసరి ఆ మనిషి దగ్గరికే వచ్చి, పక్కన స్టూలు వేసుకుని, “మంచిగున్నవా? బాపు పాణం ఎట్లుంది? నాట్లయినయా?” అని మొదలుపెట్టేవాడు. సారుకు ప్లైవుడ్‌లోంచి కనిపిస్తుందని క్లాసులో పుకారు పుట్టింది. తెలివైనవాళ్లు ఏమీ తోచకపోయినా అప్పుడప్పుడూ ఒక మీట నొక్కి పెట్టడం నేర్చుకున్నారు. ఆ నెలలో వాళ్లు నేర్చుకున్న వాటిలో అదే బాగా వచ్చింది.

ఎక్కువగా ఆయన వెళ్లి కూర్చునేది బాలనర్సమ్మ దగ్గర. ఆమె కాలువ అవతలి ఊరి నుంచి వచ్చేది. ముప్పై ఏళ్లు దాటిన మనిషి. నాట్లకు, కోతలకు కూలికి పోతూనే ప్రైవేటుగా పదో తరగతి పాసయింది. కంప్యూటర్ మీద టైపు వస్తే విత్తనాల కంపెనీ గోదాములో బిల్లులు కొట్టే పని ఇస్తామన్నారు. మీటల మీద చేయి పెట్టి, నొక్కాలా వద్దా అని చాలాసేపు ఆలోచించేది. ఆమె అలా ఆలోచనలో పడిందో లేదో, స్టూలు వచ్చి పక్కన పడేది. మేకలు ఎన్ని ఈనినయి, చిన్న పిల్లకు దగ్గు తగ్గిందా అని జాఫర్ అడుగుతుంటే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జవాబులు చెప్పేది.

మంజులతకు ఇది సహించలేదు. నేర్చుకునేవాళ్లను కాపలా కాసే పనిముట్టు తన చేతులతో తయారైందని కుమిలిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక, పాఠం మధ్యలో వాళ్లను కదిలించవద్దని, నెమ్మదిగా ఆలోచించుకునేవాళ్లు కూడా ఉంటారని జాఫర్‌తో గట్టిగానే చెప్పింది.

ఆయన నొచ్చుకోలేదు. “అడగకుంటే ఎట్ల తెలుస్తది బేటీ?” అని, “నువ్వు తిన్నవా?” అన్నాడు.

మరునాడు పొద్దున ఎవరూ రాకముందే మంజులత ఆ లైను తీసేసింది.

జాఫర్ వచ్చి హాల్ కొట్టాడు. పెట్టె అన్నీ చెప్పింది గానీ, ఎవరు సప్పుడు చేయడం లేదో మాత్రం చెప్పలేదు. ఇంకోసారి కొట్టాడు. మంజులత తల వంచుకుని ఏదో పుస్తకం తిప్పింది. “ఇయ్యాల దీని పాణం మంచిగ లేనట్టుంది, సతాయించొద్దు,” అని జాఫర్ ముందుగదిలోనే కూర్చున్నాడు. ఆ పూటంతా క్లాసు ఎంతో ప్రశాంతంగా సాగింది. తలా ఒక తెర ముందు, ఎవరి పని వారిది. మంజులత కొత్త బ్యాచికి పాఠం చెప్పుకుంది. మధ్యాహ్నం కరెంటు పోతే అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆ మరునాడు బాలనర్సమ్మ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నాట్ల కాలం కదా, కూలికి పోయి ఉంటుందన్నారు. నాట్లకు పోతే పోతున్నానని చెప్పి పోయే మనిషి అన్నాడు జాఫర్. ఆదివారం నాడు ఆటో మాట్లాడి, తాహేరాను, మంజులతను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఆటో ఎక్కే ముందు డ్రైవరును ఇంట్లో అంతా మంచిదేనా అని అడగబోతుంటే, ఆ సంగతి నడుస్తుండగా అడగమని తాహేరా చేయి పట్టుకుని లోపలికి లాగింది.

బాలనర్సమ్మ వాళ్లను చూసి, మేకలకు ఆకు వేస్తున్నదల్లా గోడకు అంటుకుపోయింది. నులక మంచం వాల్చింది గానీ తాను దూరంగానే నిలబడింది. ఎందుకు రావడం లేదని మంజులత అడిగితే మేకల వైపు తిరిగింది. జాఫర్ ఆ మాటే ఎత్తలేదు. మంచం మీద కూర్చుని, నల్ల మేక కాలుకు కట్టు ఎందుకున్నదని అడిగాడు. ముల్లు దిగిందన్నదామె. తీశారా అన్నాడు. తీశారు. చీము పట్టిందా? పట్టలేదు. పాలిస్తున్నదా? పూటకు కొంచెం. పిల్ల తాగుతున్నదా? తాగుతున్నది. మేకల సంగతి అయిపోయాక, అదే గొంతుతో అడిగాడు. “మరి ఆ పెట్టె? అది మంచిగున్నదా?”

బాలనర్సమ్మ కళ్లు దించుకుంది.

“లేదు సారు. అది సచ్చిపోయింది. నేనే సంపిన.”

మెల్లగా అంతా చెప్పింది. ఆ రోజు టైపు చేస్తూ పెద్ద ఎస్ కొట్టబోయింది. అంతే, తెర బిగుసుకుపోయింది. ఆ తర్వాత ఏది నొక్కినా పలకలేదు. లక్షల సామాను పాడుచేశానన్న భయంతో కరెంటు పోయేదాకా దాని ముందే కూర్చున్నది. ఇప్పుడు వీళ్లు ఆ సంగతి అడగడానికే వచ్చారనుకుంది.

మంజులతకు వెంటనే అర్థమైంది. పెద్ద ఎస్ కోసం నొక్కాల్సిన షిఫ్ట్ మీటకు బదులు దాని కింది కంట్రోల్ మీట మీద వేలు పడింది. కంట్రోల్‌తో ఎస్ నొక్కితే, మళ్లీ చెప్పేదాకా తెర మీద ఏమీ చూపించొద్దని దానికి చెప్పినట్టు. అదే మీటతో క్యూ నొక్కితే మళ్లీ మామూలే.

“అది చావలేదు. నువ్వు సప్పుడు చేయకు అన్నావు, అది చేయలేదు. అంతే,” అంది మంజులత.

బాలనర్సమ్మ నమ్మలేనట్టు చూసింది. “నా మాట ఇనేటిది ఈ ఇంట్ల ఒక్కటి లేదు మేడం. గా పెట్టె ఇన్నదా?”

తాహేరా ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఇంత చిన్న సంగతికి ఒక్క పిలుపు పిలిస్తే సరిపోయేది కదా, తాను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను కదా అని మంజులత అన్నది.

బాలనర్సమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. “మిమ్ములను పిలువాలంటే నోరు రాదు మేడం. మీరు ‘డౌటేముంది’ అంటరు. డౌటేందో తెలిస్తే గద చెప్పేది. సారు వస్తే మేకలడుగుతడు, పిల్లనడుగుతడు. మాటల్ల మాట, పెట్టెనడుగుతడు. మంచిగ లేదు సారు అని నేనంట. ఆయన మిమ్ములను పిలుస్తడు. రోజు గట్లనే నడుస్తుండె. ఆ దినం సారు రాలే.”

మంజులతకు వరుసగా ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. జాఫర్ లోపలి గదిలోకి వచ్చి స్టూలు వేసుకున్న ప్రతిసారీ, కాసేపటికి “బేటీ, జర ఇటు రా” అని తనను పిలిచేవాడు. తాను విసుక్కుంటూ వెళ్లేది. వెళ్లినప్పుడల్లా అక్కడ ఏదో ఒక చిక్కు ఉండేది, తాను విప్పేది. ఆ చిక్కు ఎవరు చెబితే బయటపడిందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

తిరుగు దారిలో ఆటో కాలువ గట్టు ఎక్కాక, ఇదంతా తెలిసే చేస్తున్నారా అని జాఫర్‌ను అడిగింది. ఆయన సిగ్గుపడ్డాడు. రేడియో దుకాణం నాటి సంగతి చెప్పాడు. పాడైన రేడియో సంచిలో పెట్టుకుని వచ్చినవాడు పాడైందని ఎప్పుడూ చెప్పేవాడు కాదట. నువ్వే పాడుచేసినవంటారని భయం. ఊరికే వచ్చినట్టు నిలబడేవాడు.

“బర్రె సంగతి చెప్పినోడు రేడియో సంగతి చెప్పకపోతడా బేటీ. నోరు తెరిచేదాంక మనమే ఏదో ఒకటి అడుగుతుండాలె.”

“మరి నన్నెందుకు అడుగుతరు? నా దగ్గర రేడియో లేదు గద,” అన్నది తాహేరా. జాఫర్ ఆటో డ్రైవర్ వైపు తిరిగి, కొడుకు ఏం చదువుతున్నాడని అడిగాడు.

సోమవారం పొద్దున మంజులత ఆ లైను మళ్లీ రాసింది. రాస్తే పెట్టెకు పాణం కుదుటపడిందని జాఫర్ సంతోషించాడు. బాలనర్సమ్మ వచ్చి, ముందుగా కంట్రోల్ ఎస్ నొక్కి తెర నోరు మూయించి, తర్వాత కంట్రోల్ క్యూ నొక్కి నోరు తెరిపించి, ఈ పని పొద్దుపోయేదాకా చేసి చూసుకుంది. ఆ ఏడు కోతలయ్యేనాటికి ఆమె గోదాములో బిల్లులు కొడుతోంది.

ఒక మధ్యాహ్నం విద్యార్థులెవరూ లేని వేళ మంజులత లోపలి గదిలో ఒక తెర ముందు కూర్చుని ఉంది. పిల్లల మార్కులు కూడి చెప్పే ప్రోగ్రాం రాస్తే అది ఎంతకీ సరిగ్గా నడవడం లేదు. పొద్దుటి నుంచి చూస్తున్నా తప్పు దొరకడం లేదు. తలకు చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇంతలో పక్కన స్టూలు పడిన చప్పుడైంది.

“మంచిగున్నవా బేటీ? అమ్మ పాణం ఎట్లుంది?”

మంచిగనే ఉన్నానని అలవాటుగా అనబోయింది. అనలేకపోయింది. “మంచిగ లేదు సార్. ఇది నడుస్తలేదు.”

జాఫర్ తెర వైపు వంగి చూశాడు. ఆ రాతలో ఆయనకు ఒక్క ముక్క కూడా తెలియదు. పైనున్న లైను మీద వేలు పెట్టాడు.

“గిది మంచిగున్నదా?”

మంజులతకు నవ్వొచ్చింది. అయినా ఆ లైను ఏం చేస్తుందో చెప్పింది. ఇది మంచిగనే ఉందన్నది. వేలు కిందికి జరిగింది. గిది? అది కూడా మంచిదే, పిల్లల పేర్లు తీసుకుంటుంది. గిది? ఇది ఒక్కొక్కరి మార్కులు కూడుతుంది. మరి దీని కిందిది? అది ఒక పిల్ల లెక్క అయిపోయాక మొత్తాన్ని మళ్లీ సున్నా చేస్తుంది, లేకపోతే మొదటి పిల్ల మార్కులు రెండో పిల్లకు...

మంజులత ఆగిపోయింది. సున్నా చేసే ఆ లైను కూడికకు ముందు ఉండాలి. తాను పొరపాటున వెనక రాయడంతో, మొత్తం తెర మీదికి రాకముందే సున్నా అయిపోతోంది.

“ఇది మంచిగ లేదు సార్,” అంది నెమ్మదిగా.

“అయ్యో,” అన్నాడు జాఫర్, లైను మీది వేలు తీయకుండా. “ఎన్ని దినాల సంది?”